దేముడమ్మ దాచిన రాళ్లు

దేముడమ్మ ఆఖరుసారిగా చేసిన పని కాళ్లు కడుక్కోవడం.

ఆవేళ చోడవరం సంత. పొద్దున్నే గంపలో వంకాయలు పెట్టుకుని ఏరు దాటి వెళ్లింది. పొద్దు వాలేవేళకి ఉప్పూ, ఎండుమెత్తళ్లూ, మనవరాలికి కొంగున కట్టిన జీళ్లూ పట్టుకుని తిరిగొచ్చింది. ఫాల్గుణమాసం కావడంతో ఏట్లో నీళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోతున్నాయి. ఏరు దాటిన తడికాళ్లకి దిబ్బమట్టి చీలమండల దాకా అంటుకుంది. ఇంకెవరైనా అయితే వెనక్కి రెండడుగులు వేసి ఏట్లోనే కడిగేసుకుంటారు. రెల్లుదిబ్బ మనుషులు ఆ పని చెయ్యరు. ఆ మట్టితోనే ఇంటిదాకా నడిచి వస్తారు. దేముడమ్మ కూడా అలాగే నడిచొచ్చి, పెరట్లో బీరపాదు మొదట్లో నిలబడి, చెంబెడు నీళ్లు పోసుకుని, ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంది. మట్టి పాదులోకి దిగింది.

"ఏరు ఎలాగూ తింతంది, మనం సేతికందియ్యడమేటి?" అనేది ఎవరైనా అడిగితే.

తరవాత అరుగు మీద మంచంలో ఒరిగింది. "రాజ్యం, ఉప్పు మీద మూతెట్టీ, సెమ్మ లాగేస్తాది" అంది. కోడలు రాజ్యం ఉప్పు జాడీలో పోసి, మూత పెట్టి, వచ్చి చూసేసరికి దేముడమ్మ లేదు. మంచం మీద మనిషి ఉంది. పాదాలు ఇంకా తడిగా ఉన్నాయి.

ఆ తరవాత చాలాకాలం, అత్త గురించి ఎవరు కదిపినా రాజ్యానికి ముందుగా ఆ తడిపాదాలే గుర్తొచ్చేవి. ఆ పాదాల కింద నేల ఏనాడూ ఒకచోట నిలవలేదు. అయినా అంత స్థిరంగా నడిచిన మనిషిని రాజ్యం మళ్లీ చూడలేదు.

*

రాజ్యం పుట్టింది చోడవరంలో. తండ్రి గణపతిరావుకి పెంకుటిల్లూ, చెరకు పొలమూ ఉన్నాయి. ఆ పొలం గట్లు ఆయన తాత వేసినవి. రాజ్యం దృష్టిలో భూమంటే మనుషులు పోయినా తాను పోనిది.

చోడవరానికి దిగువన ఒకచోట శారదానది రెండు పాయలుగా చీలుతుంది. మళ్లీ కలిసేలోపు మధ్యలో కాస్త నేల వదిలేస్తుంది. అదే రెల్లుదిబ్బ. దాని మీద గుప్పెడు ఇళ్లు. వేసవిలో ఇసకలో నడిచి పోవచ్చు. వానాకాలం వస్తే సంగడి తప్ప దారి లేదు. రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టి, పైన కర్రలు పరిస్తే అదే సంగడి. దానికి గెడ వేసేవాడు పెదబాబు. ఏటి మీద ఎంత బలం చూపేవాడో నోటితో అంత గోల చేసేవాడు.

ఆ దిబ్బ మీద పండే వంకాయలకి చోడవరం సంతలో పేరుండేది. వరద తెచ్చి పోసిన ఒండ్రులో పండినవి కనక వెన్నలా ఉడికేవి. గణపతిరావు వాటిని అమ్మే దేముడమ్మ కొడుకు పరదేశిని చూశాడు, కుర్రాడి నెమ్మది చూశాడు, పిల్లనిచ్చాడు. వంకాయకూరకి కక్కుర్తిపడి పిల్లని ఏట్లో తోసేడని బంధువులు చాలారోజులు ఆడిపోసుకున్నారు.

యాభైమూడులో, వానాకాలం ఆఖరి రోజుల్లో, రాజ్యం పెళ్లికూతురిగా సంగడి ఎక్కింది. ఎర్రనీళ్లు రెండు దోనెల నడుమ నుంచి బుసబుసమని లేస్తున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. ఎదురుగా గొంతుక్కూచున్న అత్తగారు ఆమె గడ్డం పట్టుకు ఎత్తింది.

"ఏటే గుంటా, బయమేస్తందా?"

"నీళ్లు సూస్తే కళ్లు తిరుగుతున్నాయి అత్తా."

"నీళ్లనెవరు సూడమన్నారు నిన్ను? ఏటి మీద కూకున్నోలు ఏటిని సూడకూడదు. ఆ దరిని సూడాల."

రాజ్యం ఆ దరికేసి చూసింది. అక్కడ నాలుగు తాటాకు కప్పులూ, రెల్లుపూల తెల్లటి గుంపూ ఉన్నాయి. అంతకుమించి ఏమీ లేదు.

"దరి కూడా కదుల్తున్నట్టుంది అత్తా" అంది.

పెదబాబు గెడ ఆపి పెద్దగా నవ్వాడు. "ఓలమ్మ! దేముడమ్మప్పా, నీ కోడలికి అప్పుడే తెలిసిపోనాదే!"

ఆ నవ్వు అర్థమవడానికి రాజ్యానికి మరుసటి వేసవి ఆఖరు దాకా పట్టింది.

*

దిబ్బ నిజంగానే కదిలేది. ఎగువన ఉన్న తలవైపు ఏరు ఏటా కొంత కోసుకుపోయేది. దిగువన తోకవైపు ఏటా కొంత మేట వేసేది. తల అరిగి తోక పెరిగి, దిబ్బ మొత్తం నెమ్మదిగా కిందికి జారేది. దేముడమ్మ కాపురానికొచ్చిన కొత్తలో దిబ్బ అవతలి గట్టు తాటితోపుకి ఎదురుగా ఉండేదిట. రాజ్యం వచ్చేనాటికి ఆ తోపు ఎక్కడో ఎగువన, చూపు ఆనీ ఆనని దూరంలో ఉంది.

నేల జారితే దాని మీది ఇల్లు ఏం కావాలి? ఏటికి దగ్గరపడ్డ ఇల్లు లేచి నడవాలి.

ఆ జ్యేష్ఠమాసంలో ఒక పొద్దున్న రాజ్యం నిద్ర లేచేసరికి ఊళ్లో మగవాళ్లంతా ఇంటి చుట్టూ నిలబడి ఉన్నారు. ముందురోజే దడులు విప్పేశారు. స్తంభాల మొదళ్లు తవ్వి వదులు చేశారు. కప్పు కింద అడ్డంగా పొడుగాటి తాటిదూలాలు దూర్చారు. పెదబాబు "ఎత్తు!" అని ఒక్క కేక పెట్టాడు. ఇల్లు లేచింది.

రాజ్యం నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తాటాకు కప్పు మొత్తంగా, చూరుకి వేలాడే ఉట్టితో సహా, గాలిలోకి లేచి కదిలింది. కింద మనుషుల మొహాలు కనబడవు, కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఇల్లు కాళ్లు మొలిచినట్టు, మిరపమళ్ల పక్కగా, తోకవైపు బయల్దేరింది. నడికప్పు మీద కోడిపెట్ట ఒకటి దిగకుండా కూచుంది. కప్పు నీడ తనతో వస్తూంటే కుక్క ఆ నీడలోనే నడుస్తోంది.

"అత్తేదీ?" అంది రాజ్యం కంగారుగా.

"ఇంట్లో ఉంది" అన్నాడు పరదేశి దూలం కింద నుంచి.

నిజంగానే ఇంట్లో ఉంది. కప్పు కింద సరిగ్గా నడుమన, రెండు చేతులా నిప్పులకుండ పట్టుకుని, ఇంటితోపాటు నడుస్తోంది. పొయ్యిలో పొద్దున రాజేసిన నిప్పు అది. పొయ్యి ఆరిపోకుండా ఇల్లు మారాలి. మారినచోట అదే నిప్పుతో అన్నం వండాలి. అన్నిటి కంటే రాజ్యాన్ని నిలువునా నిలబెట్టేసింది దేముడమ్మ నడక. పక్కకి చూడదు, తొందరపడదు. తన ఇంట్లో గదిలోంచి వంటింట్లోకి వెళ్తున్నట్టు వెళ్తోంది.

"అలాగ దిక్కులు సూస్తావేటే? లోపలికి రా! ఇల్లెలిపోతంటే బయట నిలబడిపోతావా?" అని కేకేసింది.

రాజ్యం పరిగెత్తి నడుస్తున్న ఇంట్లోకి దూరింది.

*

ఇల్లు సరే, మరి పొలం? దిబ్బ మీద 'నా పొలం' అన్నమాట లేదని రాజ్యం మెల్లగా గ్రహించింది. 'నా వరస' అనేవారు. దిబ్బ అడ్డంగా పట్టీలు పట్టీలుగా ఉండేది. పట్టీకి నాలుగు మూలలా తుమ్మగుంజలు. ఎర్రనీళ్లు మొదలవగానే ఎవరి గుంజలు వాళ్లు పీకి తెచ్చి దేముడమ్మ అరుగు మీద పేర్చేవారు. లేకపోతే వరద వాటిని కూడా తీసుకుపోతుంది. దసరా వెళ్లాక నీళ్లు తీసేస్తే, తాటినార తాడు పట్టుకుని దేముడమ్మ బయల్దేరేది. ఆ తాడు ఆమె భర్త చేతిలో ఉండేది. ఆయన పోయాక ఊరు ఆమె చేతిలో పెట్టింది. ఏటిలో ఎవరి వరస పోయిందో వాళ్లకి ముందు తాడు వేసి, కొత్తమేటలో చోటిచ్చేది. మిగిలినవాళ్లు ఒకరి పక్కకి ఒకరు జరిగేవారు. జరిగిన చోట మళ్లీ గుంజలు పాతుకునేవారు. తగువు లేదా అంటే, ఉండేది. అరుపులూ, దెప్పులూ, ముక్కులు చీదుకోవడాలూ అన్నీ ఉండేవి. కానీ తాడు పడ్డాక ఎవరూ నోరెత్తరు.

దేముడమ్మకి విధవరాలిగా తన పేరున ఒక వరస, కొడుకు పరదేశికి ఒక వరస. రెండూ కలిపే సాగుచేసేవారు.

రాజ్యానికి ఇదంతా వింతగా ఉండేది, గుబులుగా కూడా ఉండేది. ఒకనాడు పుట్టింటికి వెళ్తే తండ్రి, "జమీందారీ ఎస్టేటు రద్దయిపోయిందమ్మా. గవర్నమెంటు అమీను వచ్చి ప్రతి ఊరూ కొలుస్తాడు. రాళ్లు పాతి పట్టాలిస్తాడు. పట్టా వస్తే ఆ నేల మీదే, ఇంకెవరూ కదపలేరు" అన్నాడు.

'కదపలేరు' అన్న ఆ ఒక్కమాట రాజ్యం గుండెలో నాటుకుపోయింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డకి నాలుగు రాళ్ల మధ్య, ఎక్కడికీ పోని నేల ఉండాలి. ఇంకేమీ కోరలేదు ఆమె. భర్తని ఒప్పించడానికి ఎంతోసేపు పట్టలేదు. అత్తకి చెప్పినప్పుడు మాత్రం దేముడమ్మ బీరకాయలు కోస్తూ తలెత్తలేదు.

"మీ ఇద్దరికీ కావాలంటే రాయించుకోండి. నాకొద్దు. రాయి పాతితే ఏరు సూసి పక్కకెలిపోద్దేటి?"

"ఏరుకి సెప్పలేం గానీ మనుషులికి సెప్పొచ్చు కదత్తా."

"మనుషులికి తాడు సాల్దా?" అంది. అంతకుమించి అడ్డం చెప్పలేదు.

*

యాభైఆరు వేసవిలో అమీను వచ్చాడు. పేరు దయాసాగర్. అనకాపల్లి క్రైస్తవుల అబ్బాయి. మంచివాడు. ఎండకి టోపీ, మెడలో తువ్వాలు. వెనక గొలుసు మోసే మనుషులూ, కొలతరాళ్లు వేసుకున్న ఎడ్లబండ్లూ. బండ్లు ఏటి ఇసకలో కూరుకుపోతే ఊరంతా వెళ్లి తోశారు. గవర్నమెంటు తమ గుమ్మంలోకి రావడం ఎంత గొప్ప! పెదబాబు అయితే ఒక రాయి భుజాన వేసుకుని, "ఇంత బరువుంటే ఏరు కూడా సలాం కొడతాది" అన్నాడు.

అమీను రావిచెట్టు నీడలో బల్ల వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచాడు.

"నీ పొలం ఎక్కడ?"

"నా వరస ఈ ఏడు సూరమ్మ పక్కన బాబూ" అన్నాడు పెదబాబు.

"వరస ఏంటయ్యా? సూరమ్మ నీకు ఏ వరస? అత్తా, వదినా?"

"సీ సీ, పిన్ని అవుతాది బాబూ!"

"మరి పిన్ని పక్కన నీ పొలం ఎంత?"

"పోన్లెండి బాబూ, పోయినేడు ఆడ మా వదిన పక్కనుండేవాణ్ణి. ఏరు పిన్ని పక్కకి జరిపింది."

అమీను కలం కింద పెట్టి, మొహం తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చివరికి ఆ ఏడు ఎవరు ఎక్కడున్నారో అక్కడే రాళ్లు పాతించాడు. పరదేశి వరసకి తోకవైపు చివర, దిబ్బ మొత్తంలో మెత్తటి మేటలో, నాలుగు రాళ్లు పడ్డాయి. దేముడమ్మ తన పేరు చెప్పలేదు. "మా అమ్మ వరస వదిలీండి బాబూ" అన్నాడు పరదేశి మొహమాటంగా.

"వానాకాలం పోయాక వస్తాను. రాళ్లు సరిచూసుకుని పట్టాలు రాస్తాను. రాళ్లు జాగ్రత్త, అవి గవర్నమెంటువి. పోతే మీదే పూచీ" అని ఊరందరికీ గట్టిగా చెప్పి వెళ్లాడు అమీను.

ఆ కొద్దివారాలూ రాజ్యం ప్రతి సాయంత్రం నిండుకడుపుతో తోకదాకా నడిచి వెళ్లి ఆ రాళ్లని ముట్టుకుని వచ్చేది. మధ్యాహ్నపు వేడి వాటిలో ఇంకా ఉండేది. ఆషాఢం రాకుండానే పురిటికి పుట్టింటికి వెళ్లింది.

*

ఆడపిల్ల పుట్టింది. భాద్రపదంలో, వినాయకచవితి వెళ్లగానే, తండ్రి మాడుగుల హల్వా డబ్బా చేతిలో పెట్టి, పిల్లనీ తల్లినీ రేవుదాకా దిగబెట్టాడు. ఏరు పొంగి ఉంది. ఈసారి రాజ్యం నీళ్లకేసి చూడలేదు, దరికేసే చూసింది.

ఇంటి ముందుకి రాగానే కాళ్లు ఆగిపోయాయి. అరుగంతా రాళ్లు. దిబ్బ మీద పాతిన గవర్నమెంటు రాళ్లన్నీ గుంజల పక్కన పొందికగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. పైన తడవకుండా తాటాకులు కప్పి ఉన్నాయి.

దేముడమ్మ ఎదురొచ్చి పిల్లని అందుకోబోయింది.

"ఇయ్యేటి అత్తా?"

"రాళ్లే. ఎర్రనీళ్లొచ్చేసినాయి కదా, అందరం కలిసి పీకి తెచ్చేసినాం. ఎంత బరువనుకున్నావ్! గవర్నమెంటోలి సామాను ఏట్లోకెలిపోతే ఆ బాబుకేటి సెప్పుకుంటాం? జాగర్త అన్నాడు కదేటి."

రాజ్యం అరుగు మెట్టు మీద కూలబడింది. "అత్తా, జాగర్తంటే పాతినచోట కదపకుండా ఉంచమని! పీకితే ఇంకేటుంది? జైల్లో ఏస్తారు. నా పట్టా పోనాది. నా పిల్ల నోట్లో మట్టి కొట్టేసినావు!"

దిబ్బ మనుషులు ఒక్కొక్కరే పోగయ్యారు. ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు. ఎర్రనీళ్లొస్తే హద్దులు ఇంటికి తెచ్చుకోవడం వాళ్లకి అన్నం తినడం లాంటిది. చెప్పకపోయినా చేస్తారు.

పెదబాబు తల గోక్కున్నాడు. "ఓరి నాయనో! మరయితే రాళ్లని ఏట్లో ఒగ్గేయాలా? ఏటి రాజ్యం, గవర్నమెంటు అలాటి పని సేస్తాదా?"

"నాతో మాటాడకండి మీరెవరూ" అంది రాజ్యం. పిల్లని దేముడమ్మకి ఇవ్వలేదు. లోపలికి పోయి ఏడుస్తూ పాలిచ్చింది. దేముడమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, "హల్వా డబ్బాకి సీమలు పట్టేస్తాయి, ఉట్టి మీదెడతాను" అని తీసుకుని వెళ్లిపోయింది.

*

వారం గడవలేదు, ఏరు మరోసారి పొంగింది. కొండల్లో ఎక్కడో కురిసిన వాన. దిబ్బ మీద చినుకు కూడా లేదు. ఎండ తెల్లగా కాస్తోంది. ఆ తెల్లటి ఎండలో నీళ్లు చెట్ల ఎత్తున వస్తున్నట్టు చప్పుడు వినిపించింది. ఊరంతా ఎత్తుగా ఉన్న నడిమిగట్టు మీదికి చేరింది.

దిబ్బ పుట్టాక ఎరగని పని ఆరోజు ఏరు చేసింది. తలని ముట్టుకోలేదు. రెండు పాయలూ కిందికి పరిగెత్తి, దిగువన ఒకదాన్నొకటి ఢీకొని, వెనక్కి తిరిగి, తోకని కొరకడం మొదలెట్టాయి. రాజ్యం పిల్లని గుండెకి అదుముకుని నిలబడి చూసింది. ముందు రెల్లు ఊగింది. తరవాత రెల్లు కింద నేల, ఏ చప్పుడూ లేకుండా, పాలల్లో బెల్లంముక్క కరిగినట్టు ఒక పక్కకి ఒరిగి కరిగిపోయింది. తరవాత ఇంకో ముక్క. తాను రోజూ నడిచి వెళ్లిన దారి నీళ్లలోకి వెళ్లి ఆగిపోయింది. సరిగ్గా రాళ్లు పాతిన చోటికి వచ్చేసరికి ఏరు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. తరవాత ఆ నేల కూడా లేదు. మెత్తటి ఆ ఒండ్రు, బిడ్డ పేరున నాలుగు మూలలా నిలబెడదామనుకున్న నేల, ఎర్రటి నీళ్లయి అనకాపల్లి వైపు వెళ్లిపోయింది.

ఏడవాలని కూడా రాజ్యానికి తోచలేదు. కళ్ల ముందున్నది అంత పెద్దది. దాని ముందు ఏడుపు చాలా చిన్న పనిగా అనిపించింది. పక్కన దేముడమ్మ చీరకొంగు నడుముకి దోపుకుని, చెయ్యి కళ్లకి అడ్డంపెట్టి చూస్తోంది. ఆమె మొహంలో భయం లేదు, బాధ కూడా లేదు. ఎవరో పెద్దమనిషి వీధి వెంట పోతూంటే అరుగు మీంచి చూసే మనిషిలా ఉంది.

"ఎలా ఎల్తందో సూడే" అంది మెల్లగా. "మనమెంతా, మన రాయెంతా!"

రాజ్యం పిల్లని అత్త చేతుల్లో పెట్టింది.

*

దసరా వెళ్లాక అమీను వచ్చాడు. అరుగు మీది రాళ్లు చూడగానే మొహం ఎర్రబడింది. "ఎవరు పీకమన్నారు? ఇది నేరం తెలుసా మీకు?"

ఊరంతా నేల చూపులు చూస్తోంది. దేముడమ్మ ముందుకొచ్చింది. "నానే బాబూ. ఆలికేటీ తెల్దు. నానే పీకించేను. జైలంటే నన్నే తీసుకెల్లు. కానీ బాబూ, ఓపాలి లెక్కెట్టుకో. ఒక్కటి కూడా పోనేదు."

అమీనుకి కోపంలోనే నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. రాళ్లు లెక్కపెట్టాడు, అన్నీ ఉన్నాయి. "సరే, పరదేశి రాళ్లు ఏ చోట ఉండేవి? పద చూపించు" అన్నాడు.

దేముడమ్మ అతన్ని తోక చివరికి తీసుకెళ్లి, చెయ్యి చాపి ఏరు చూపించింది. "అదిగో బాబూ, ఆ సుడి ఉంది కదా, దానికి అవతల."

దయాసాగర్ ఆ నీళ్లకేసి చూశాడు. రాళ్లు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎన్నాళ్లనుంచి ఇలా ఉంటున్నారమ్మా ఇక్కడ?" అనడిగాడు. అడిగిన తీరు విచారణలా లేదు.

"మాకు తెలిసినకాడ్నించీ ఇలాగే బాబూ."

మధ్యాహ్నం వంకాయకూరతో అన్నం తిన్నాడు. రాళ్లు బండికెక్కించుకున్నాడు. దిబ్బ మొత్తం ఏటి పోరంబోకు అని రాసుకున్నాడు. అంటే ఎవరికీ పట్టా రాదు, ఎవరినీ లేపరు కూడా. ఆ మాట విని పెదబాబు గుండెలు బాదుకున్నాడు.

"సదువుకున్నోడు ఎంత మాటన్నాడ్రా! ఇన్నాళ్లూ మా ఆవిడొక్కతే నన్ను పోరంబోకనేది. ఇప్పుడు గవర్నమెంటు కూడా రాసీసింది!"

ఊరు ఊరంతా పడి పడి నవ్వింది. అందరితోపాటు రాజ్యం కూడా నవ్వింది. పిల్లకి నేల లేకుండా పోయిందన్న గుబులు ఆ నవ్వు అడుగున అలాగే ఉంది. పట్టా ఉండుంటే, సుడికి అవతల నాలుగు రాళ్ల నీళ్లు ఆమెవయ్యేవి.

మర్నాడు తాడు వేసే రోజు. దిబ్బ చిక్కిపోయింది. తోక పోయింది, ఆ ఏడు కొత్తమేట పడింది కూడా తక్కువే. అందరూ గుంజలు పట్టుకుని నిలబడ్డారు. ఎప్పుడూ ఉండే అరుపులు లేవు. దేముడమ్మ తాడు విప్పి, పోయినవాళ్లకి ముందు కనక, మొదటి పేరు కొడుకుదే పిలిచింది. నడిమిగట్టు పక్కన, ఏరు ఇప్పట్లో ముట్టలేని చోట, మంచి ముక్క. తాడు సర్రున పరుచుకుంది. పరదేశి గుంజలు దిగేశాడు. రాజ్యం పిల్లని చంకనేసుకుని ఆ పట్టీలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచి చూసింది. మట్టి కాళ్లకి చల్లగా తగిలింది. చిన్న ముక్కే. అయినా దిబ్బే చిన్నదయింది కదా, అత్తదీ తమదీ రెండు వరసలూ కలిపి ఇంతే వచ్చుంటాయి అనుకుంది. పిల్ల కోసం పట్టుకున్న ఆ గుబులు ఆవేళే జారిపోయింది.

తరవాత దేముడమ్మ ఎగువకి పోయింది. మిగిలినవాళ్లకి తాడు వేస్తూ, జరుపుతూ, పొద్దు కుంకేవేళకి తాడు చుట్టుకుని ఇంటికొచ్చి, "కాళ్లు పీకేస్తన్నాయే, గంజి పొయ్యి" అంది.

తాను పోయేదాకా ఆ మూడేళ్లూ ఆ ముక్కలో అందరికంటే ముందు దిగేది దేముడమ్మే. మనవరాలిని గట్టు మీద కూచోబెట్టి, వంగమొక్కలకి మట్టి ఎగదోస్తూ, పిల్లతో ఏవో కబుర్లు చెప్పేది. "ఈ వరస ఎవలిదే?" అని అడిగేది. పిల్ల "నాదీ" అనేది. "మరే, నీదే" అని మురిసిపోయేది. ఏటిని అంత దగ్గరగా ఎరిగిన మనిషి ఇంత చిన్న మాటకి అంత సంబరపడడం రాజ్యానికి ఆశ్చర్యంగా ఉండేది.

దిబ్బ మీద ఎవరు పోయినా వాళ్ల వరస అంచున దహనం చేస్తారు. దేముడమ్మని ఆ ముక్క అంచునే చేశారు. ఏరు దాటుకుని అవతలి ఊళ్లనుంచి కూడా జనం వచ్చారు. పెదబాబు ఆవేళ ఒక్క హాస్యం కూడా ఆడలేదు.

*

ఆ ఏడు దసరా వెళ్లాక ఊరు కూచుని మాట్లాడుకుని, తాడు రాజ్యం చేతికివ్వాలని తేల్చింది. రాజ్యం వద్దంది. "నాకు సేతకాదు బాబాయ్, నాను దిబ్బ మీద పుట్టినదాన్ని కాదు" అంది.

"మీ అత్త మాత్రం పుట్టిందేటి?" అన్నాడు పెదబాబు. "సేతకాకపోడానికేటుంది, పేర్లు పిలవడమే. ముందు పోయినోలు, తరవాత ఉన్నోలు. తాడట్టుకున్నోలు మాత్రం ఆకర్న. అందరికీ ఏసీసినాక మిగిలితే, అది తాడట్టుకున్నోలిది. నీకు బయం నేదమ్మా, ఈ ఏడు మేట బాగా పడ్డాది, మిగుల్తాది."

"మరి మా అత్త కూడా ఆకర్నే తీసుకునీదా?"

"ఎప్పుడూ ఆకర్నే. మిగులుతుండీది లే, ఏదో కొంత."

"తోక పోయినేడు?"

పెదబాబు అవతలి గట్టుకేసి చూసి, "ఆ ఏడు మిగల్నేదమ్మా" అన్నాడు. "ఆ తరవాత కూడా మేట పడ్నేదు కదా. మీ ముక్క అచ్చంగా మీదే. ఆమె ఎల్లిపోయీదాకా వరస నేని మనిసే."